రఫూ మామ ఉంచిన చిల్లు

పోయిన వారం మా రఫూ మామ చనిపోయాడు. పని మీద సత్తెనపల్లి వెళ్లిన నేను మర్నాడు నరసరావుపేటలో బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి ఆయన అరుగు మీద చాప లేదు. పగటిపూట ఆ అరుగును చాప లేకుండా నేనెన్నడూ చూడలేదు. పక్కింటావిడ బయటికొచ్చి చెప్పింది. "నిన్న పొద్దున పోయాడయ్యా. సాయంత్రానికే మట్టి ఇచ్చారు. నీకోసం చూశారు గానీ, నువ్వేడున్నావో ఎవురికి తెలుసు?" నాకు చివరిచూపు కూడా దక్కలేదు. చేతిలో సంచితో ఆ అరుగు ముందే చాలాసేపు నిలబడిపోయాను.

ఇది చదివేవారిలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. చిరిగిన బట్టకు అతుకు కనపడకుండా పోగులల్లి బాగుచేసే రఫూ ఆయన పని. ఊరంతా సాయిబు అనేది. నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అంటూ వేళాకోళమాడేవాడు. యుద్ధం వచ్చి కొత్త బట్టకు కంట్రోలు పెట్టాక, పెట్టెల అడుగున పడి ఉన్న తాతల శాలువలూ పెళ్లినాటి పట్టుపంచెలూ ఒక్కొక్కటే ఆ అరుగెక్కాయి.

నేను పట్టుకెళ్లింది మా అమ్మ పెళ్లిచీర. ముదురెరుపు పట్టు. మా పెళ్లిలో నా భార్య కూడా అదే కట్టుకుంది. ఆమె పోయాక ఆ పెట్టె తెరవడానికి మనసొప్పక వదిలేస్తే ఎలుకలు కొట్టాయి. మాకు పిల్లలు లేరు. "కట్టుకునే ఆడమనిషి లేని ఇంట్లో దానికి రఫూ ఎందుకయ్యా?" అని వీధిలో అడగనివాళ్లు లేరు. మామ మాత్రం అడగలేదు. ఎవరెవరు కట్టిందీ చెప్పి ఇస్తే, చీరను ఒళ్లో పరుచుకుని, చిల్లులన్నీ వేలితో తడిమి, "చానా మంచి పట్టు. ఇద్దరూ పదిలంగా కట్టారు" అన్నాడంతే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజు నుంచి ఆఫీసు పని ముగిసి కచేరీ వదలగానే అక్కడికి పోవడం అలవాటైంది. ఆయన బయటి దారం వాడడు. చీరలో లోపలికి దోపుకునే కొస నుంచి ఒక పోగు లాగి, దాంతోనే చిల్లు పూడ్చేవాడు. "ఆ చీరకి ఆ చీర దారమే కలుస్తది అల్లుడా. బజారు దారం ఎంత మంచిదైనా పరాయిదే" అనేవాడు. ముందు నిలువు పోగులు కట్టి, వాటి మధ్యన అడ్డపోగును ఒకదాని కిందుగా, ఒకదాని మీదుగా పోనిచ్చేవాడు. సూది కనపడేది కాదు, వేళ్లే కదిలేవి. చూస్తుండగానే అంచులు దగ్గరై, చిల్లు ఎక్కడ ఉండేదో నాకే తెలియకుండా పోయేది. ఇంటికెళితే పలకరించే మనిషి లేదన్న సంగతి ఆ కాసేపూ మరిచిపోయేవాణ్ణి.

అయిందనుకున్నాక బట్టను ఆకాశానికెత్తి చూసేవాడు. "వెలుతురు దూరిందంటే పని ఇంకా ఉన్నట్టే." దూరకపోతే తలాడించి, అరుగు దిగి వీధిలోకి పోయి మరీ బీడీ ముట్టించేవాడు. నిప్పురవ్వ అంటే ఆయనకంత భయం.

ఎవరి శాలువైనా నాలుగు రోజుల్లో ఇచ్చేసే మనిషి, నా చీరను మాత్రం ఎండల్లో మొదలుపెట్టి వానలు పడ్డా తెమల్చలేదు. చివరికి అంచు పక్కన చిటికెనవేలి గోరంత చిల్లు ఒక్కటి మిగిలింది. దాని జోలికి పోడు. ఉండబట్టలేక ఒకనాడు అడిగాను.

"అదొక్కటీ ఎందుకుంచావు మామా?"

"అదిగూడా ఏస్తే చీర చంకన పెట్టుకొని పోతావ్. మళ్లీ ఈ అరుగెక్కుతావా?"

"ఎందుకెక్కను?"

"పని లేకుండా ముసలోడి కాడికి ఎవురొస్తారయ్యా? మా ముసల్ది పోయిన కాణ్ణించి ఇట్టా కూకోని మాట్టాడేది నువ్వొక్కడివే" అని నవ్వాడు.

ఆ సాయంత్రాల అవసరం నాకొక్కడికే అనుకుంటూ వచ్చాను అంతవరకూ. "ఉండనీ మామా, తొందరేముంది" అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ చిల్లు మాటెత్తలేదు. వచ్చినవాళ్ల బట్టలు వచ్చినట్టే పోయేవి. తెల్లగుడ్డలో చుట్టిన నా చీర మాత్రం ఆయన పక్కనే ఉండేది. నేను అవతలి పక్కన కూర్చునేవాణ్ణి.

మొన్న ఆయన కోడలు ఆ మూట తెచ్చి ఇచ్చింది. విప్పితే చీర మీద ఒక అగ్గిపుల్ల, దానికి చుట్టిన ఎర్రటి పోగు.

"ఆ దారం ఎప్పుడో తీసిపెట్టాడన్నా. ఏయకుండా ఎందుకు పెట్టుకున్నాడో మాకు తెలవదు. గుంటూర్లో ఇంకో రఫూ ఆయన ఉన్నాడంట, ఏపిచ్చుకోండి" అంది.

తలూపి పంపించాను గానీ, వేయించను. ఆమె వెళ్లాక చీరను వసారాలో దండెం మీద పరిచాను. పడమటి ఎండ దాని మీద పడింది. ఎలుకలు కొట్టిన ఏ చోటా వెలుతురు దూరలేదు. ఆ ఒక్క చిల్లులోంచి మాత్రం గోరంత ఎండ వచ్చి గోడ మీద పడింది. పని ఇంకా ఉంది మామా, అనుకున్నాను. చాప తెచ్చి ఒక పక్కకు కూర్చున్నాను. పొద్దు వాలేకొద్దీ ఆ ఎండచుక్క గోడ మీద మెల్లగా పైకి పాకుతూ పోయింది.