బండ మీద పాశం

మాట్లాడుతున్నంతసేపూ సోమమ్మ చూపు కాస్త పైనే ఉంటుంది, దూరాన మబ్బేదో కదులుతున్నట్టు. పంతొమ్మిదివందల డెబ్బై రెండు కరువులో పడిన అలవాటేమో.

అప్పట్లో రుద్రారం పక్కన ఆమెకున్నది చారెడు నేల. జొన్న వేసి, నడుమ కంది సాళ్లు పెట్టింది. మోకాలెత్తు రాకముందే ఆకులు చుట్టుకుపోయాయి. ఒక్క వాన పడకపోతే పైరు పోతుంది. పైరు పోతే నేల విడిచి, తట్ట నెత్తిన పెట్టుకుని, పటాన్‌చెరు వైపు కార్ఖానా కట్టే పనికి పోవాలి. చినుకు లేని ఆ వానాకాలమంతా నిద్రలో తన కాళ్లకు మట్టి తగలనట్టే ఉండేదట.

అందుకే వాన కోసం వరదపాశం పోద్దామని ఊరి వెంట పడింది. ఇంటింటి బియ్యం, బెల్లం కలిపి పాశం, అంటే పాయసం, వండి ఊరవతలి బండ మీద పోస్తారు. విస్తరి ఉండదు, చెయ్యి తగలకూడదు. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, నాలుకతో నాకాలి. పొయ్యి వెలిగే ఇల్లు ఒక్కటీ తప్పకూడదు. బండ మీద మెతుకు మిగిలితే మబ్బు అలుగుతుందంటారు.

దుకాణం శావుకారు భార్య ఆదిలక్ష్మి బెల్లం దిమ్మ ఇచ్చింది. "బెల్లమిస్త గానీ సోమమ్మా, వంగి నాకుడు మాత్రం నాతోని కాదు. ముందే చెప్తున్న."

గొడవ కులపెద్ద సంగప్పతో వచ్చింది. "బొంబాయి రోడ్డు పక్క గుడిసెలోళ్లను గూడ అడుగుతవా? ఏడికెళ్లో వచ్చిన కూలోళ్లు. మన ఊరోళ్లా ఏంది?"

"వాళ్ల పొయ్యిలు మన పొలిమేరల్నే మండుతున్నయి గద మామా. ఎవ్వలిది ఏ ఊరో మబ్బుకేం ఎర్క?"

గుడిసెల దగ్గర ఎవరి మాట ఎవరికీ తెలియలేదు. సోమమ్మ ఆకాశాన్ని చూపింది, తర్వాత గంపను చూపింది. ఒకావిడ నవ్వి, లోపలికి పోయి, దోసిలి నిండా తెచ్చి గంపలో పోసింది. గోధుమపిండి! వద్దనేలోపే బియ్యంలో కలిసిపోయింది. వానకిచ్చింది వాపసు ఇవ్వరాదు.

బండ దగ్గర పాశం ఉడికింది. తెడ్డు గుచ్చితే నిలబడింది.

"పాశమా, గోడకు కాయితాలు అంటిచ్చే బంకా గిది?" అన్నాడు సంగప్ప.

"కారకుంటే మంచిదే మామా. ఎప్పుడూ పల్లం దిక్కు కూసోని నువ్వే తింటివి."

జనం గొల్లుమన్నారు. నిజమే, ఏటా పలచటి పాశం పల్లానికి పరుగెత్తేది, ఎగువనున్నవాళ్లకు తడి బండే దక్కేది. ఈసారి పోసినచోటే నిలిచింది. ఊరంతా నీళ్లకు వచ్చిన మందలా మూతులు వంచింది. పిండి పోసినావిడ సోమమ్మ పక్కనే వంగింది, ముక్కుకు బెల్లం అంటుకుని. కళ్లు మూసుకుంటే వేడి రాయి లోపల, ఎక్కడో లోతున, నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించిందంటుంది సోమమ్మ.

అయితే పాశం తరగలేదు. కడుపులు నిండాయి, పొద్దు వాలుతోంది, బండ నడుమ ఇంకా మిగిలే ఉంది. సోమమ్మ లేచింది. చుట్టూ చూస్తే నిలబడి ఉన్నది ఒక్క ఆదిలక్ష్మే, ఛత్రీ పట్టుకుని.

"శావుకారమ్మా, నీ బెల్లమే మిగిలింది. నా కంది ఎండుతది. జెర వంగు."

ఆదిలక్ష్మి ముందుకొచ్చింది. ఛత్రీ సంగప్ప చేతిలో పెట్టింది. "ఎవ్వలన్న నవ్విండ్రో, రేపటికెళ్లి దుకాణంల ఉప్పు గూడ పుట్టది!" అని కొంగు బిగించి వంగింది. మొదట నవ్వింది ఆమే. ఆమె లేచేసరికి బండ మీద మెతుకు కనబడలేదు.

కొన్నాళ్లకు, ఒక సాయంత్రం, రోడ్డు మీది దుమ్ము ఒక్కసారిగా వాసన మారింది. వాన! సోమమ్మ చేను దిక్కు పోకుండా బండ దిక్కు ఉరికింది. ఎందుకో ఇప్పటికీ తెలియదంటుంది. అక్కడ సంగప్ప అప్పటికే తడుస్తూ కూర్చున్నాడు, పల్లం దిక్కునే. బండ సందులోంచి కారే నీళ్లు దోసిట పట్టి తాగి, బిత్తరపోయి చూశాడు.

"తియ్యగున్నయే పిల్లా! సందుల పాశం మిగిలిందే!"

"మిగిలినా వాన వచ్చింది గద మామా."

"అయితే జల్ది తాగు. మబ్బు సూస్తది."

ఇద్దరూ ఆ సందు దగ్గర వంగి, తీపి పోయేదాకా తాగారు.

జొన్న అప్పటికే పోయింది. కంది నిలబడింది.