వంట జరగని వంటగది: హనోవర్ రాజ్యంలో ఒక శనివారం

శుక్రవారం సాయంత్రం రజితతో ఫోన్‌లో గొడవపడ్డాను. గొడవ అంటే నేను అరిచాను, ఆమె విన్నది, అంతే. రజిత నా భార్య. హనుమకొండలో ఫిజియోథెరపిస్టు. నేను జర్మనీలో, కార్ల్స్‌రూహెలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాను. ఏడాదిపాటు పడిగాపులు కాశాక ఆమెకు వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది, వీసా కూడా వచ్చింది. మూడు నెలల్లోపు ఇక్కడ అడుగుపెట్టాలి. అందులో రెండు నెలలు గడిచిపోయాయి. టికెట్ బుక్ చేద్దామా అంటే ప్రతిసారీ "వచ్చే వారం చూద్దాం" అంటుంది. ఆ శుక్రవారం నేను పట్టలేక నాలుగు మాటలని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక ఇల్లంతా నిశ్శబ్దం. ఆ ఇంట్లో శనివారం, ఆదివారం రెండు రోజులు ఒంటరిగా కూర్చోవడం నా వల్ల కాదనిపించింది.

ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఎప్పుడో పెట్టిన ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఎర్రబారిన అడవి, దాని మీద కొండ, కొండ మీద బుర్జులతో ఒక కోట. కింద "హనోవర్ దగ్గర, ఫ్యామిలీతో ఒక్కరోజు ట్రిప్, చాలా ప్రశాంతం" అని రాసి ఉంది. రజిత వచ్చాక వెళ్దామని దాచుకున్న ఫొటో అది. రానివాళ్ల కోసం ఎన్నాళ్లని దాచుకుంటాం అనుకుని, ఉక్రోషంతో ఆ రాత్రే టికెట్ కొనేశాను. ముందురోజు కొంటే ఎవరికైనా జేబుకు చిల్లే. మీరు రెండు మూడు వారాల ముందు కొనుక్కుంటే సగానికి సగం తగ్గుతుంది.

కార్ల్స్‌రూహె నుంచి హనోవర్‌కు మారకుండా వెళ్లే ఐసీఈ అనే వేగం రైళ్లున్నాయి. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. ఉదయం ఆరు దాటాక ఎక్కితే పదికల్లా దిగొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ వరకు బండి కిటకిటలాడింది. అక్కడ విమానాశ్రయానికి వెళ్లే మనవాళ్లు రెండు కుటుంబాలు దిగారు, పెద్ద పెద్ద సూట్‌కేసులు, పిల్లలు. దిగేటప్పుడు ఆ పిల్లల తండ్రి నన్ను చూసి "మీరెక్కడికండీ?" అన్నాడు. "ఊరికే, హనోవర్ చూడ్డానికి" అన్నాను. "ఒక్కరేనా?" అన్నాడు, జాలిగానే. వాళ్లు దిగాక పెట్టె ఖాళీ అయింది. కిటికీ పక్కన కూర్చుని, హనోవర్ చరిత్ర ఫోన్‌లో చదువుకుంటూ వెళ్లాను.

చరిత్ర చిన్నదే, వివరంగా చెబుతాను, మీకు పనికొస్తుంది. ఇప్పటి జర్మనీ అప్పుడు లేదు, ముక్కలు ముక్కలుగా రాజ్యాలుండేవి. ఉత్తరాన ఈ హనోవర్ ఒకటి. చాలాకాలం బ్రిటన్‌కూ హనోవర్‌కూ రాజు ఒక్కడే. తరువాత బ్రిటన్ సింహాసనం ఒక యువరాణికి దక్కింది, మన దేశాన్ని కూడా ఏలిన రాణి ఆమే. హనోవర్ చట్టం మాత్రం వంశంలో మగవాడుండగా ఆడదానికి కిరీటం ఇవ్వదు. అందుకని ఆమె బాబాయి వచ్చి ఇక్కడ రాజయ్యాడు. అతని తరువాత అతని కొడుకు. ఆ కొడుక్కి చూపు లేదు, చిన్నప్పుడే రెండు కళ్లూ పోయాయి. 1866లో ప్రష్యాతో యుద్ధమొచ్చింది. హనోవర్ సైన్యం ఒక పోరు గెలిచింది కూడా, అయినా చుట్టుముట్టేసరికి రెండు రోజుల్లో లొంగిపోయింది. రాజ్యం మాయమైంది, రాజు ఆస్ట్రియాకు వెళ్లిపోయాడు.

హనోవర్ స్టేషన్ నుంచి పదిహేను నిమిషాలు నడిస్తే లైన నది ఒడ్డున ఆ రాజుల పాత ప్యాలెస్ వస్తుంది. ఇప్పుడది రాష్ట్ర శాసనసభ. గేటు దగ్గరున్న సెక్యూరిటీ ఆయన్ని "రాజుగారి ఇల్లు ఇదేనా?" అని నా వచ్చీరాని జర్మన్‌లో అడిగాను. "ఒకప్పుడు. ఇప్పుడు ఇక్కడ కమిటీలుంటాయి, రాజులకంటే ఎక్కువ మాట్లాడతాయి" అని నవ్వాడు. నది పక్కన ఒక కెఫేలో కూర్చున్నాను. వెయిట్రెస్ వచ్చి "ఒక్కరేనా?" అని అడిగి, ఎదురుగా ఉన్న ప్లేటూ చెంచాలూ తీసుకుపోయింది. ఆ రోజు రెండోసారి అదే ప్రశ్న. కాఫీ, ఆపిల్ కేకు కలిపి ఎనిమిది యూరోల లోపే. కేకు బాగుంది గానీ నాకు రుచి తెలియలేదు.

కోట ఊళ్లో లేదు. పేరు మారియెన్‌బుర్గ్. హనోవర్ నుంచి రీజినల్ రైలెక్కి అరగంట లోపే నార్డ్‌స్టెమ్మెన్ అనే చిన్న స్టేషన్‌లో దిగాలి. దేశమంతా తిరిగే నెల పాసు, డాయిచ్‌లాండ్ టికెట్, ఉంటే దీనికి వేరే టికెట్ అక్కర్లేదు. ప్లాట్‌ఫాం మీద నుంచే దూరంగా కొండ మీద కోట కనిపిస్తుంది. ఆటోలూ టాక్సీలూ ఏమీ ఉండవు, నలభై నిమిషాలు నడవాలి. పొలాల మధ్య తారు బాట, తరువాత నది మీద వంతెన, తరువాత బీచ్ అనే ఎత్తైన చెట్ల అడవిలో కొండ ఎక్కడం. అక్టోబరు కాబట్టి ఆకులు మోకాళ్ల దాకా ఉన్నాయి. దారిలో ఒక సైకిల్ తప్ప ఎవరూ ఎదురుపడలేదు. ఆయాసపడుతూ పైకెళ్లి చూస్తే ఇనుప కంచె. మరమ్మతుల కోసం కోట మూసేశారు, లోపలికి ప్రవేశం లేదని బోర్డు. గ్రూపులో వచ్చిన ఫొటో ఎన్నాళ్ల కిందటిదో, తెరిచి ఉందో లేదో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాను. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

పక్కనే బెంచీ మీద ఒక పెద్దావిడ ఫ్లాస్కులోంచి టీ తాగుతోంది. డెబ్బై దాటి ఉంటాయి, చేతిలో నడక కర్ర. నా ముఖం చూసి "మీకూ ఎవరూ చెప్పలేదా?" అంది. ఆవిడ పేరు హెల్గా. కింద ఊళ్లోనే ఉంటుంది, ఒకప్పుడు ఈ కోటలో గైడుగా పని చేసిందట. మూసేశాక కూడా శనివారాలు అలవాటు కొద్దీ కొండెక్కుతుంది. "కూర్చోండి. లోపలేముందో నేను చెబుతాను, టికెట్ లేదు" అంది. జర్మన్ నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఈ కోట మా చివరి రాజు తన భార్యకు పుట్టినరోజు కానుకగా ఇచ్చింది. ఇక్కడ వేసవిలో ఇద్దరూ ఉండాలని. కట్టడం పూర్తికాకముందే రాజ్యం పోయింది. ఆయన ఆస్ట్రియాలో, ఆవిడ కూతురితో ఇక్కడ. చుట్టూ ప్రష్యా సైనికుల కాపలా. దాదాపు ఏడాది ఉంది."

"తరువాత?"

"తరువాత ఆవిడ కూడా ఆయన దగ్గరికి వెళ్లిపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు. ఎన్నో ఏళ్లు కాపలావాళ్లు తప్ప ఎవరూ లేరు." టీ మూతలో పోసి నాకిచ్చింది. "లోపల అన్నిటికంటే జనానికి నచ్చేది వంటగది. గోడనిండా రాగి పాత్రలు, అచ్చులు, పెద్ద పొయ్యి. అందరూ అనేవాళ్లు, ఎంత కొత్తగా ఉంచారండీ అని. నేను చెప్పేదాన్ని, అది మా గొప్పతనం కాదు, ఇందులో వంట సరిగ్గా జరగలేదు, అందుకే కొత్తగా ఉంది అని."

ఆ మాటకు నేను టీ తాగడం ఆపేశాను. ఎందుకో చెప్పాలంటే నా వంటగది సంగతి చెప్పాలి. జర్మనీకి కొత్తగా వచ్చేవాళ్లకు తెలియదు, ఇక్కడ చాలా అద్దె ఇళ్లకు వంటగది ఉండదు. గోడకు నీళ్ల పైపు, కరెంటు వైరు వేలాడుతుంటాయి, మిగతాదంతా మనమే కొనుక్కుని బిగించుకోవాలి. రజితకు వీసా టెర్మిన్ దొరకగానే నేను ఆ పని మొదలుపెట్టాను. మూడు నెలలు ఎదురుచూశాక అల్మరాలు వచ్చాయి. బిగించే మనిషి టెర్మిన్ ఇంకో నెలకు దొరికింది. రజిత నాకంటే బాగా పొట్టి, పెళ్లి ఫొటోలో నా భుజం దాకా ఉంటుంది. ఆ ఫొటో చూసి అంచనా వేసి, వంటగట్టు మామూలు కంటే తగ్గించి బిగించమన్నాను. ఆ మనిషి "మీరు వంగాల్సి వస్తుంది" అన్నాడు. ఫరవాలేదన్నాను. అవెన్ మీది ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు, రజితే వచ్చి తీయాలని. నేను మాత్రం పడకగదిలో బల్ల మీద కుక్కర్ పెట్టుకుని అన్నం వండుకుని, పెరుగు కలుపుకుని తింటున్నాను. ఫ్రెండ్స్‌కు వీడియో కాల్‌లో ఆ వంటగది చూపించి "ఒక్క గీత కూడా లేదు చూడు" అని ఎన్నిసార్లన్నానో.

హెల్గా గారికి ఇదంతా చెప్పేశాను. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పానో తెలియదు. చాలా రోజులుగా ఎవరికీ చెప్పలేదు, అందుకేనేమో. ఆవిడ నవ్వలేదు. నడక కర్ర ఒళ్లో పెట్టుకుని "రాజుకు చూపు లేదు కదా. ఏం కడుతున్నారో ఎలా తెలిసేది?" అని నన్నే అడిగింది.

"ఎలా?"

"పుస్తకాల్లో ఉన్నది వేరు. నేనైతే ఇలా అనుకుంటాను. ఆయన అడిగి ఉంటాడు. కిటికీ ఎటుంది, నీకు నచ్చిందా, ఇలాగే కావాలా అని. చూడలేనివాడు ప్రతిదీ అడగాల్సిందే కదా. మీరు మీ భార్యను ఏమడిగారు?"

టికెట్ ఎప్పుడు బుక్ చేయమంటావ్ అని అడిగాను. గ్రైండర్ ఏ కంపెనీది కావాలని అడిగాను. అంతకంటే ఏమీ గుర్తురాలేదు. రెండు కళ్లూ బాగున్న నేను భార్య ఎత్తును ఫొటోలో కొలిచాను. టీ తాగేసి ఖాళీ మూత ఆవిడకు తిరిగిచ్చి లేచాను. "దిగేటప్పుడు జాగ్రత్త, ఆకుల కింద జారుతుంది" అంది.

స్టేషన్‌కు తిరిగొచ్చేసరికి మూడున్నర. హనుమకొండలో రాత్రి ఏడు. రజిత తన క్లినిక్‌లోనే ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద నేను తప్ప ఎవరూ లేరు. ఫోన్ చేశాను.

"ఏంది, నువ్వే చేసినవ్? అలిగినవ్ గదా?"

"అలగలే. ఒకటి అడగాలె."

"టికెట్ సంగతే గదా. వచ్చే వారం..."

"టికెట్ గాదు. నీకు ఇక్కడికి రావాలని ఉందా? నిజం చెప్పు, నేనేం అనుకోను."

ఎవరికో "అక్కా, కాలు గట్లనే పెట్టుండ్రి, రెండు నిమిషాలు" అని చెప్పి రజిత బయటికి వచ్చినట్టుంది, రోడ్డు మీది హారన్లు వినిపించాయి.

"రెండేండ్లాయె పెండ్లయి. గిప్పుడు అడుగుతున్నవ్."

"అవును."

"నిన్ను చూడాలని ఉంది. ఆడ ఉండాలని లేదు." ఇక ఆగకుండా చెప్పుకుపోయింది. "మూడు మంచాలతోటి నేను పెట్టిన ఈ క్లినిక్. ఇప్పుడు పొద్దున తాళం తీయకముందే పేషెంట్లు వచ్చి కూసుంటున్నరు. ఆడికొస్తే మళ్ల భాష నేర్చుకోవాలె, నా డిగ్రీని వాళ్లు ఒప్పుకోవాలె. అన్నేండ్లు నేనేం చేయాలె? నీ కిచెన్ల నిలబడాల్నా?"

"మరి ముందే ఎందుకు చెప్పకపోయినవ్?"

"ప్రతి వారం కిచెన్ ఫొటోలు పంపుతుంటివి. ఎట్ల చెప్పాలె?"

ఏడ్చానని రాయడానికి నాకు సిగ్గు లేదు. ప్లాట్‌ఫాం ఖాళీ, చూసేవాళ్లు కూడా లేరు. ఆమె ఫోన్ పెట్టేయలేదు, అలాగే ఉంది. చివరికి తనే అంది, "వీసా ఖరాబు గాకముందు ఒక పది రోజులు వస్త. కిచెన్ చూడనీకి కాదు, నువ్వెట్లున్నవో చూడనీకి."

"తర్వాత?"

"తర్వాతి సంగతి తర్వాత అడుగు. అడుగుడు నేర్చుకున్నవ్ గదా."

ఆదివారం ఉదయం లేచి అవెన్ మీది ప్లాస్టిక్ పొర నేనే పీకాను. ఆ గట్టు ముందు వంగి నిలబడి పప్పు చేసుకున్నాను, నడుము పట్టేసింది. పప్పు కొంచెం మాడింది, స్టవ్ మీద మొదటి మరక పడింది. ఈ ఇంట్లో ఇంకెన్నాళ్లుంటానో, నేనే వెనక్కి వెళ్తానో, ఇద్దరం ఇలాగే దూరంగా ఉంటామో నాకు తెలియదు. ఆ కోటలోని రాణి చివరికి కానుకను వదిలి మనిషి ఉన్న చోటికి వెళ్లింది. మా ఇద్దరిలో అలా వెళ్లాల్సింది రజితే అని నేను రెండేళ్లు అనుకున్నాను, ఇప్పుడలా అనుకోవడం లేదు. ఇల్లు శుక్రవారం రాత్రిలాగే నిశ్శబ్దంగా ఉంది. కానీ అబద్ధపు ఆశ ఒకటి బయటికి పోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు ఇంకా. ఒంటరితనం అలాగే ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. నార్డ్‌స్టెమ్మెన్ దారి, అడవి, కొండ మీది నుంచి కనిపించే నది, ఇవి కోట మూసి ఉన్నా చూడదగ్గవే, మంచి బూట్లు వేసుకోండి. మీరు వెళ్లేనాటికి తెరిచి ఉన్నా ఉండొచ్చు. ఎవరో పంపిన పాత ఫొటో నమ్ముకుని మాత్రం బయలుదేరకండి. ముందే ఫోన్ చేసి అడగండి.