అట్ట బంపరు

ఇనుము ముట్టుకునే ముందు ఏ వస్తువునైనా అట్టతో చేసి చూసుకోవడం ఆ వెల్డింగ్ మేస్త్రికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి. గేటు అడిగితే ముందు అట్ట గేటు, నిచ్చెన అడిగితే ముందు అట్ట నిచ్చెన. అసలు పేరు అందరూ మర్చిపోయి అట్టలయ్య అని పిలవడం మొదలుపెట్టారు. చేసిన అట్ట ముందు చేతులు కట్టుకుని, పెద్దల ఎదుట నిలబడ్డట్టు నిలబడేవాడు. వస్తువు ఎప్పుడిస్తావని ఎవరడిగినా ఒకటే జవాబు.

"అట్ట ఇంకా చెప్పలేదు."

ఆయన షెడ్డు ఇంటిని ఆనుకునే ఉండేది. వంటింట్లోకి అలమర కావాలని ఆయన భార్య పెళ్లైన కొత్తలో అడిగింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు గానీ అలమర మాత్రం అట్టగానే ఉండిపోయింది. అందులో ఆవిడ ఉప్పు డబ్బా పెట్టబోతే అట్టలయ్య నొచ్చుకునేవాడు.

"దానిమీద బరువు పెట్టకే. అదింకా ఆలోచనలో ఉంది."

"నేనూ ఆలోచనలోనే ఉన్నాను, పుట్టింటికి వెళ్లిపోదామా అని" అనేది ఆవిడ.

ఇలాంటి మనిషి దగ్గరికి చెల్లెలి భర్త తన జీపు తీసుకొచ్చారు, వెనక బంపరు కోసం. ఆయన స్కూల్లో డ్రాయింగు మాస్టారు. సెలవు దొరికితే చాలు, భార్యాభర్తలిద్దరూ ఆ జీపులో కొండలెక్కేవారు. రాళ్ల దారి వస్తే ఆవిడ దిగి ముందు నడిచేది. "ఎడమకి... ఇంకొంచెం... చాలు, రండి" అంటూ ఆవిడ చెయ్యి ఎటు చూపిస్తే మాస్టారు అటు తిప్పేవారు.

కిందటి వానాకాలం ఒక ఎత్తులో జీపు వెనక్కి జారి బండకి కొట్టుకుంది. పాత బంపరు వంగి చక్రంలోకి దిగబడింది. లోపల కూర్చున్న ఆవిడ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆవిడ మళ్లీ జీపెక్కలేదు. పిలిస్తే ఒకసారి తలనొప్పి అనేది, ఇంకోసారి బట్టలు నానబెట్టాను అనేది. బలవంతం చేయడానికి మాస్టారికి నోరు రాలేదు. ఒకసారి ఒంటరిగా బయల్దేరి సగం దారిలోంచే తిరిగొచ్చేశారు. గట్టి బంపరు కనబడితేనైనా ఆవిడకి ధైర్యం వస్తుందేమోనని ఆయన ఆశ. అంతకుమించి ఆయనకి వేరే దారి తోచలేదు.

ఆయన గీసుకొచ్చిన బొమ్మలో అన్నీ ఉన్నాయి. దళసరి ఇనప పలక, బండలకి తగలకుండా పైకి కోసిన మూలలు, ఇరుక్కుంటే తాడు కట్టి లాగడానికి రెండు కొక్కేలు, తలుపులా పక్కకి తెరుచుకునే స్టెప్నీ టైరు చట్రం.

"బొమ్మ బాగుంది బావగారూ" అన్నాడు అట్టలయ్య. "అట్ట ఏమంటుందో చూద్దాం."

మొదటి అట్ట బంపరు ఫ్రిజ్ పెట్టెతో తయారైంది. దాన్ని జీపుకి కట్టి, ఇంటిదాకా వెళ్లి చెల్లెలికి చూపించి రమ్మన్నాడు. "పగిలే వస్తువు, జాగ్రత్త" అన్న అక్షరాలు వెనక అలాగే ఉన్నాయి. వీధి వీధంతా చదువుకుంది. మాస్టారు తలెత్తకుండా నడిపారు.

రెండో అట్ట కడుతూ, అంచు పట్టుకోడానికి చెల్లెల్ని రమ్మనమన్నాడు.

"నేను పట్టుకుంటానుగా?" అన్నారు మాస్టారు.

"మీరు ఆశగా పట్టుకుంటారు. వంకర కనబడదు."

ఆవిడ వచ్చింది. జీపుకేసి చూడకుండా మొహం పక్కకి తిప్పుకుని అంచు పట్టుకుంది.

మూడో అట్టకి, స్టెప్నీ వెనక అద్దానికి అడ్డమొస్తుందో లేదో వెనక సీట్లో కూర్చుని చెప్పాలన్నాడు. ఆవిడ ఒక కాలు నేలమీదే ఉంచి కూర్చుంది. తర్వాతి అట్టకి ముందు సీట్లోంచి చూడాలన్నాడు. మాస్టారి ఓపిక అయిపోవచ్చింది. మళ్లీ వానలు దగ్గరపడుతున్నాయి, షెడ్డులో చూస్తే అట్ట ముక్కలే తప్ప ఇనుము జాడ లేదు.

"బావగారూ, బంపరు ఇస్తారా, ఇంకెవరినైనా చూసుకోనా?"

"ఒక్కటే మిగిలింది. బండి కదిలితే చట్రం గడగడమంటుందేమో వినాలి. చెల్లాయివి పాము చెవులు."

"అట్టకి చప్పుడేంటన్నయ్యా?" అంది ఆవిడ.

"రావట్లేదని ఎవరో ఒకరు చెప్పాలిగా!"

ఆవిడ విసుక్కుంటూనే ఎక్కి కూర్చుంది. జీపు నడక వేగంతో కదిలింది. వెనకాల అట్టలయ్య బంపరు మీద ఒక చెయ్యి వేసి, గంభీరంగా నడిచాడు. ఆవిడ ముందున్న కమ్మీని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. మలుపులో దారికడ్డంగా ఇసక కుప్ప వచ్చింది.

"ఎడమకి" అంది ఆవిడ అప్రయత్నంగా.

మాస్టారు ఎడమకి తిప్పారు. ఆవిడకేసి చూడ్డానికి కూడా భయపడ్డారు, చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని.

"ఇంకొంచెం... చాలు, పోనివ్వండి."

షెడ్డుకి తిరిగొచ్చాక అట్టలయ్య చేతులు కట్టుకుని అట్ట ముందు నిలబడ్డాడు. కాసేపటికి తలూపాడు.

"చెప్పింది."

మూలకి వెళ్లి టార్పాలిన్ లాగాడు. కింద అసలు బంపరు, రంగుతో సహా సిద్ధంగా ఉంది. రెండు కొక్కేల మధ్య సాలీడు అప్పటికే గూడు కట్టుకుని కాపురం పెట్టేసింది.

"ఇదెప్పుడు చేశారు?" అన్నారు మాస్టారు.

"రెండో అట్టకే. మీ కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి బావగారూ."

"మరి తర్వాతివన్నీ..." అని మాస్టారు ఆగిపోయారు. ఆవిడ అన్నయ్యకేసి చూసింది.

"నా కోసమా ఇన్ని అట్టలు?"

"తిన్నగా ఇనుమే బిగిస్తే భయపడతావని" అన్నాడు అట్టలయ్య, నేలకేసి చూస్తూ.

బంపరు బిగించడం పూర్తయ్యేసరికి అట్టలయ్య భార్య గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏమండీ, బంపరు రెండో అట్టకే తేలిపోయిందా? మరి నా అలమర?"

అట్టలయ్య స్పానరు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడుచుకున్నాడు.

"దాని గురించి... అట్ట ఇంకా చెప్పలేదే."

జీపులోంచి పెద్ద నవ్వు వినబడింది. మాస్టారు అటు తిరిగి చూశారు. ఎప్పుడెక్కిందో, తన భార్య ముందు సీట్లో రెండు కాళ్లూ లోపల పెట్టుకుని కూర్చుని ఉంది.

"రండి, వానలు రాకముందే ఓసారి వెళ్లొద్దాం" అంది.