వారెంట్ ఆఫీసర్ జేబు

మా ఆయన రాయ్‌పూర్ స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో వారెంట్ అంటే సైన్యం వాళ్ళు డబ్బుకి బదులు కౌంటర్లో ఇచ్చే ప్రయాణ కాగితం. మా పక్కింటావిడ లెక్కలో వారెంట్ అంటే పోలీసులు. అందుచేత మా తమ్ముడు వాయుసేనలో వారెంట్ ఆఫీసర్ అయ్యాడన్నప్పుడు ఇద్దరికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది.

"ఇంతకీ గెజిటెడా, కాదా?" అన్నారు మా ఆయన. రైల్వే వాళ్ళకి మనిషిని తూచే రాయి అదొక్కటే.

"అదంతా ఎందుకు బావా, మధ్యలో ఉంటాను" అన్నాడు తమ్ముడు. "ఆఫీసర్లు రెండేళ్ళకొకరు మారతారు. మెకానిక్కులు భయపడి నోరు విప్పరు. ఇద్దరికీ కావలసింది నా దగ్గరే దొరుకుతుంది."

మామూలు మెకానిక్కుగా చేరి, ఆ హోదాకి రావడానికి వాడికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. 2012 వేసవిలో కొన్ని హెలికాప్టర్లతో పాటు వాణ్ణి ఇక్కడికి పంపారు. ఆదివారాలు దేవేంద్ర నగర్లో మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం. పన్నెండూ యాభైకి వచ్చాడు. పొద్దుటి పని ముగించి, యూనిఫాం మార్చకుండానే బండి మీద వచ్చేశాడు. చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, బనియన్‌తో కూర్చున్నాడు. ఒకటీ ముప్ఫై నాలుగుకి ఫోన్ మోగింది. కలిపిన చారన్నం వదిలేసి, ఎంగిలి చేత్తోనే వరండాలోకి వెళ్ళాడు.

విషయం వాడి హిందీలోంచి నాకు అర్థమైంది. పనిముట్ల లెక్కలో ఒక స్క్రూడ్రైవర్ తగ్గింది. అది దొరికితేగాని హెలికాప్టర్ ఎగరకూడదు. లోపల ఎక్కడైనా జారిపోయి ఉంటే గాల్లో ఏ కడ్డీకో అడ్డంపడుతుంది. మూడింటికి అడవిలోంచి జవాన్లని తీసుకురావాలి. ఆఖరున ఆ స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు ఒక కార్పొరల్, తమ్ముడి కింది మెకానిక్కు, ఇద్దరు పిల్లల తండ్రి. వాడి మీద అరుస్తున్నాడు తమ్ముడు.

"ఆంఖే ఘర్ ఛోడ్ కే ఆయా క్యా? ఢూంఢో!" కళ్ళు ఇంట్లో వదిలేసి వచ్చావా, వెతకండి అని.

వెళ్ళాలంటాడు కదా అని చొక్కా తీశాను. జేబులో పెన్ను పక్కన, పెన్నులాగే, ఎర్ర పిడి స్క్రూడ్రైవర్. పిడి మీద నంబరు చెక్కి ఉంది. గోడ గడియారం చూశాను, అలవాటు కొద్దీ. ఒకటీ ముప్ఫై ఎనిమిది.

వంటింట్లోకి వెళ్ళి మా ఆయనకి చూపించాను.

"అరే, పెట్టెయ్ ఎక్కడిదక్కడ!" అన్నారు గొంతు తగ్గించి. "నువ్వు చూడలేదు, నేను చూడలేదు. దార్లో వాడే చూసుకుంటాడు. అక్కడ గడ్డిలో పడేసి, దొరికిందంటాడు. ఖతం."

నాకూ అదే సబబనిపించింది. జేబులో పెట్టాను. మళ్ళీ తీశాను. పెన్ను ఎటువైపు ఉండేదో గుర్తురాలేదు. వాడు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాడు, నేను వంటింట్లో నడుస్తున్నాను. అంతమంది ముందు కేకలేసినవాడు రేపు వాళ్ళ మొహాలు ఎలా చూస్తాడు? ఆ మధ్యలో ఉండే ఉద్యోగం ఇక ఎలా చేస్తాడు? పైవాళ్ళు ఇచ్చిన కాగితం మీద ఎంత నడుస్తుందో, కిందివాళ్ళ నమ్మకం మీదా అంతే నడుస్తుందని వాడే ఎన్నోసార్లు అన్నాడు.

అప్పుడు వినిపించింది. "ఛుట్టీ భూల్ జా అప్‌నీ." కార్పొరల్ సెలవు పోయింది.

వరండాలోకి వెళ్ళి గుప్పిట తెరిచాను. ఒకటీ నలభై అయిదు.

తమ్ముడు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని చూశాడు. పొద్దున ఆ కార్పొరల్ చేతిలోంచి తీసుకుని, ఎలా తిప్పాలో చూపించి, జేబులో పెట్టుకున్నాడట.

"నా దగ్గరుంది. తప్పు నాది. వెతకడం ఆపండి" అన్నాడు హిందీలో. తరవాత ఆ కార్పొరల్‌తో, "నీ సెలవు నీకుంది" అన్నాడు.

"ముందు ఆఫీసర్‌కి చెప్పుకోవాలి కదోయ్!" అన్నారు మా ఆయన.

"ఆయన నీడలో ఉన్నాడు బావా. వాడు ఎండలో మోకాళ్ళ మీదున్నాడు."

తరవాత ఆఫీసర్‌కి చేశాడు. ఆయన తమ్ముడి కంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. వీడు నాలుగుసార్లు "సర్" అన్నాడు, అంతే. చెయ్యి కడుక్కోకుండానే బండెక్కాడు. నేను కంచం తీయలేదు. మా ఆయన పేపర్ తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నారు. మూడూ పదికి డాబా ఎక్కాను. ఏమీ వినిపించలేదు. మాకూ విమానాశ్రయానికీ ఉన్న దూరంలో వినిపించకపోవచ్చు. అయినా అయిదింటిదాకా దిగలేదు.

రెండు రోజుల తరవాత మా బల్ల దగ్గర కూర్చుని సంజాయిషీ రాశాడు. హెలికాప్టర్ పావుగంట ఆలస్యంగా ఎగిరిందట.

"మీవాళ్ళు ఏమంటున్నార్రా?"

"నవ్వుతున్నారక్కా. పొద్దున రాగానే ఒకడు సెల్యూట్ కొట్టి, సార్ జేబులు చూపించండి అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చూపించాను."

రాస్తూ రాస్తూ, "ఒకటీ నలభై అయిదుకి దొరికింది, కదా?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. ఔననేస్తే సరిపోయేది. కాని అది తప్పు లెక్క.

"నేను చూసింది ఒకటీ ముప్ఫై ఎనిమిదికి. ఏడు నిమిషాలు దాచాను."

వాడు కలం ఎత్తి ఉంచాడు. రాసినది కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టి, రెండు టైములూ వేశాడు. ఏడు నిమిషాలు ఎందుకు పట్టిందో మాత్రం రాయలేదు.

"అడుగుతార్రా పైనుంచి?"

"అడగనీ. అక్క ఆలోచించుకుంది అంటాను" అన్నాడు, కాగితం మడుస్తూ.