సగంలో ఆగిన సున్నం

పిల్లలు ఒమన్‌లోని ఇబ్రికి వచ్చిన మూడో రోజున మా అబ్బాయి నా దగ్గరకు వచ్చి, మంచినీళ్లు తాగవచ్చా అని అడిగాడు. వాడికి అప్పుడు ఆరున్నర. నీళ్ల కుండ వాడి మోచేతి పక్కనే ఉంది. తాగమన్నాను. తాగి, గ్లాసు బోర్లించి, థాంక్స్ అన్నాడు. కన్నకొడుకు చేత నీళ్లకు థాంక్స్ చెప్పించుకున్న తల్లి ఇంకెవరైనా ఉంటుందా అనుకుని వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

తప్పు వాడిది కాదు. డెబ్భైల మొదట్లో నేను నర్సు ఉద్యోగానికి ఒమన్ వచ్చేనాటికి వాడికి మూడున్నర, చెల్లెలికి ఎనిమిది నెలలు. ఇద్దరినీ తెనాలి దగ్గర పల్లెలో మా అక్క దగ్గర వదిలి వచ్చాను. మా ఆయన పక్క ఊళ్లో బడిపంతులు. శని, ఆదివారాలు పిల్లల దగ్గరకు వెళ్లేవారు. నాకు ఏడాదికి నెల రోజులు సెలవు. అది క్రిస్మస్ కలిసి వచ్చేలా పెట్టుకుని రెండుసార్లు ఊరు వెళ్లాను. మూడో ఏడు ఆసుపత్రివాళ్లు ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చారు. ఆ కాగితం చేతికి రాగానే ఉత్తరం రాశాను. మా ఆయన జీతం లేని సెలవు పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని అక్టోబరు చివర్లో దిగారు. నేను డ్యూటీకి వెళితే వంట, పిల్లలు ఆయన వంతు. పాఠం చెప్పినట్టే వంట చేసేవారు. ఒకటే కూర, వచ్చేదాకా మళ్లీ మళ్లీ.

పాపతో ఏ ఇబ్బందీ లేదు. దానికి నేను కొత్తగా దొరికిన బొమ్మను. వారం తిరక్కుండానే నా కొంగు దాని సొంతమైపోయింది. వాడే ఇంటికి వచ్చిన చుట్టంలా ఉండేవాడు. తెచ్చుకున్న రేకుపెట్టె మంచం కిందే పెట్టుకుని, చొక్కా కావాలంటే అందులోంచి తీసుకుని, ఉతికినది మళ్లీ అందులోనే మడతపెట్టేవాడు. నేను బీరువాలో అర ఖాళీ చేసి చూపిస్తే, పర్లేదమ్మా అన్నాడు. వాడు ఈ ఇంట్లో ఎవరినీ అడగకుండా తిరగాలి, అల్లరి చేయాలి, తన ఇల్లు అనుకోవాలి. ఆ రోజుల్లో నాకు అంతకు మించిన కోరిక లేదు.

నాకేమో ముక్కు మీదే కోపం. వార్డులో దుప్పటి మీద ముడత కనిపించినా ఊరుకునేదాన్ని కాదు. ఏ జబ్బుకైనా మొదటి మందు శుభ్రతే అని నమ్మినదాన్ని. అందుకే, ఇల్లు బాగుంటే పిల్లవాడు దారికి వస్తాడని తీర్మానించాను. ఆ క్వార్టర్‌లో మాకంటే ముందు నలుగురు బ్రహ్మచారులు ఉండేవారు. గోడల నిండా కిరసనాయిలు పొయ్యి మసి, మేకుల గుంటలు, తలనూనె మరకలు. గాలి లేచిందంటే తలుపు కిందనుంచి ఇసుక వచ్చి మంచాల మీద కూర్చునేది. క్రిస్మస్ ఆరు వారాల్లో ఉంది. మావాళ్లలో క్రిస్మస్‌కు సున్నం వేయని ఇల్లు పండగ చేసుకోని ఇంటి కింద లెక్క. కొత్త బట్టలు లేకపోతే లేకపోయె, గోడలు మాత్రం చిటికెడు నీలిమందు కలిపిన సున్నంతో తళతళలాడాలి.

సంతలో కొట్టువాడిని నాకొచ్చిన హిందీలో చూనా కావాలని అడిగాను. తెల్లటి పొడి బస్తా చూపించాడు. వేళ్ల మధ్య నలిపి చూసి, బాగానే ఉంది, కట్టమన్నాను. ఎవరినైనా ఒకసారి అడగరాదా అన్నారు మా ఆయన. సున్నం సంగతి నాకు ఒకరు చెప్పాలా అన్నాను. మా ఇంట్లో గుల్ల సున్నం నానబెట్టడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. నీళ్లు పోయగానే అది కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు, తెల్లవారేసరికి వెన్నలా దిగుతుంది. ఇంట్లో ఉన్న పెద్ద బకెట్‌లో పొడి పోసి, నీళ్లు పోసి, కర్రతో కలిపి, పిల్లలిద్దరినీ గుమ్మం దగ్గరే నిలబెట్టాను. ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. అది ఉడకలేదు. సున్నం మెతకది అయి ఉంటుందని ఇంకాస్త పొడి వేసి, కర్ర అందులోనే వదిలేసి, మూత పెట్టాను.

పొద్దున్నే మా ఆయన కర్ర పట్టుకుని కలపబోతే బకెట్ మొత్తం పైకి లేచింది. లోపల బండరాయి. కర్ర దాని నడుమ జెండా కర్రలా నిలబడి ఉంది. పాప వెళ్లి ఆ బండ మీద కూర్చుని, కర్ర పట్టుకుని, గుర్రం ఎక్కానంది. అప్పుడు మా అబ్బాయి నవ్వాడు. వచ్చాక వాడు పడీపడీ నవ్వడం అదే మొదలు. నాకు ఉన్న ఒక్క పెద్ద బకెట్ పోయిందన్న ఉక్రోషంలో, ఏముంది అంత నవ్వడానికి అని కసిరాను. వాడి నవ్వు ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి నెమ్మదిగా, ఇంక సున్నం వేయరా అని అడిగాడు. వేస్తాం, ఎందుకు వేయం అన్నాను. వాడు వాకిట్లోకి వెళ్లిపోయాడు. బంగారంలాంటి ఆ నవ్వును నా నోటితో నేనే చెడగొట్టుకున్నానని డ్యూటీకి పోతూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆసుపత్రి పక్కనే కొత్త వార్డు కడుతున్నారు. ఆ సైట్‌లో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నలభై దాటిన మనిషి. వేలు నలిగితే కట్టు కట్టించుకోవడానికి వచ్చి, నా నోట తెలుగు విని, కట్టు అయిపోయినా లేవకుండా కూర్చుని మాట్లాడాడు. అప్పటి నుంచి నన్ను చెల్లె అనేవాడు. నా బకెట్ కథ చెబితే శుక్రవారం సెలవునాడు స్వయంగా వచ్చి చూశాడు. బండను వేలితో తట్టి, నవ్వు ఆపుకోలేక తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"గిది సున్నం గాదు చెల్లె, జుస్సు. గోడలకు గిలాబ, గదే ప్లాస్టరు, వెట్టేది. నీళ్లు వడంగనే గడ్డకడతది. మన సున్నం ఈడ నూర అంటరు. వచ్చే శుక్రారం నేనే తెస్త."

ఆ వారమంతా మిగతా అలంకరణ. ఎండిన ఖర్జూరపు మట్టల ఈనెలతో నక్షత్రం కట్టాం. ఈనెలు చీల్చింది మా అబ్బాయే. వాడి వేళ్లలో అంత పనితనం ఉందని నాకు తెలియదు. వాళ్ల నాన్న దారంతో కట్టారు, నేను మైదా ఉడికించి ఎర్ర కాగితం అంటించాను. పాప సగం మైదా తినేసింది. రంగుకాగితాల గొలుసు గది ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేదాకా వాడు లేవలేదు. నక్షత్రం ఏ కిటికీకి కట్టాలో కూడా వాడే చెప్పాడు. నా మందు పనిచేస్తోందని లోలోపల మురిసిపోయాను.

శుక్రవారం మేస్త్రీ అన్న వచ్చాడు. సామానంతా వాకిట్లో పెట్టాం. ఆయన సున్నం వడకట్టి, నీలిమందు కలిపి, ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మొదలుపెట్టాడు. మసి గోడ మీద మొదటి పూత ఆరుతూ తెల్లబడుతుంటే నా కడుపు నిండిపోయింది. ఆ ఆనందం ఎంతోసేపు లేదు. పిల్లలు ఇల్లు పీకి పందిరేయడం మొదలుపెట్టారు. పాప రెండు చేతులూ సున్నంలో ముంచింది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది కనుక పరుగున ఎత్తుకుపోయి కడిగాను. తిరిగి వచ్చేసరికి నీలిమందు పొట్లం మొత్తం ఇంకో బకెట్‌లో తేలుతోంది. పాప నా చంకలోనే ఉంది. వాడిని చూశాను. తల వంచుకున్నాడు. పోనీలే, చేయి జారి ఉంటుంది అన్నారు మా ఆయన. కాసేపటికి కుంచె కనిపించలేదు. వెతికితే వాకిట్లో మంచం పరుపు కింద దొరికింది. తర్వాత, ఆరీ ఆరని గోడ మీద చెంచాతో గీసిన గీతలు బారెడు పొడుగున కనిపించాయి.

అల్లరి చేయాలని కోరుకున్నది నేనే. తీరా చేస్తే ఓర్చుకోలేకపోయాను. రెండుసార్లు కేకలేశాను. మూడోసారి వాడు దాపరికం కూడా మానేశాడు. సగం గోడ అయింది. మేస్త్రీ అన్న స్టూలు జరుపుకుంటున్నాడు. వాడు నడిచి వచ్చి, నా మొహంలోకే చూస్తూ, నిండు బకెట్‌ను కాలితో తన్నేశాడు. సున్నం గదంతా పారింది. నా చేయి లేచింది. చెంప మీద కొట్టాను.

వాడు ఏడవలేదు. అదీ నాకు ఒళ్లు మండించింది. ఎందుకురా నీకింత కక్ష, నేనేం చేశాను నీకు అని భుజాలు పట్టి కుదిపాను.

"సున్నమేస్తే నువ్వు ఎల్లిపోతావుగా" అన్నాడు వాడు.

నాకు అర్థం కాలేదు. మా ఆయనకు అర్థమైంది కాబోలు, చేతిలోని గుడ్డ కింద పెట్టేశారు.

"పెద్దమ్మ సున్నమేయించుద్ది. నువ్వొస్తావు. క్రిస్మస్ అయిపోద్ది, నువ్వు ఎల్లిపోతావు. రెండుసార్లూ అంతే."

నేను ఎక్కడికీ వెళ్లను నాన్నా అన్నాను. ఇక్కడే ఉంటాను, మీరూ ఇక్కడే ఉంటారు, నిజం అన్నాను.

"అప్పుడూ అట్టాగే అన్నావు. తెనాలెల్లి బిస్కెట్లు తెస్తానన్నావు."

అన్నాను. రెండుసార్లూ అదే మాట అన్నాను. పిల్లలు ఏడుస్తుంటే బండి ఎక్కడం నాకు చేతకాలేదు. బిస్కెట్లు తెస్తానని చెప్పి, నవ్వుతూ చేయి ఊపి, రైలెక్కాక ఏడ్చేదాన్ని. బిడ్డకు నొప్పి తెలియకుండా చేస్తున్నానని అనుకున్నాను. సూది వేసేముందు ఏమీ నొప్పి పుట్టదని చెప్పే అలవాటు నర్సులకు ఎలాగూ ఉంటుంది. వాడు ఎన్ని రోజులు గుమ్మంలో కూర్చుని బిస్కెట్ల కోసం చూశాడో అక్క నాకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఆ ఇంట్లో అప్పటికి సున్నం వాసన ఇంకా పోయి ఉండదు. నేను నా సెలవును క్యాలెండర్‌లో చూసుకునేదాన్ని, వాడు గోడలో చూసుకున్నాడు. ఇన్ని జబ్బులు కనిపెట్టినదాన్ని, నా ఇంట్లో పిల్లవాడు నెల రోజులుగా దేనికి బెదిరిపోతున్నాడో కనిపెట్టలేకపోయాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆ సున్నపు మడుగులోనే కూలబడి వాడిని ఒళ్లోకి లాక్కున్నాను. వాడు రాలేదు, బిగుసుకుని నిలబడ్డాడు. నా మాటకు వాడి దగ్గర విలువ లేదని తెలిశాక ఇంకేం చెప్పను? మేస్త్రీ వైపు తిరిగి, ఇక వద్దన్నా, ఆపేయండి అన్నాను. సగమే అయింది కదా, పూర్తిచేయిద్దామని మా ఆయన అనలేదు. మేస్త్రీ అన్న స్టూలు దిగి, కుంచె కడిగి, నీళ్లు పిండి, ఎండలో పెట్టాడు. టీ తాగి వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగాడు.

"మంచిగ చేసినవ్ చెల్లె. గోడ ఏడికి వోతది?" అన్నాడు. ఆయన పిల్లలు నలుగురూ జగిత్యాల దగ్గరే ఉన్నారు.

నేను చీర దోపుకుని, ఆయన లుంగీ ఎగ్గట్టి, నేల కడిగాం. మా అబ్బాయి మూల నుంచి చూస్తూ ఉన్నాడు. సామాను ఒక్కొక్కటే లోపలికి తెస్తుంటే కాసేపటికి వాడూ వచ్చి స్టూలు ఒక పక్క పట్టుకున్నాడు.

క్రిస్మస్‌కు వచ్చినవాళ్లంతా ముందుగదిలో అడుగుపెట్టి ఆ గోడ చూసి ఆగిపోయేవారు. పైన రంగుకాగితాలు, కిటికీకి ఎర్ర నక్షత్రం, ఎదురుగా సగం తెలుపు, సగం మసి, మధ్యలో చెంచా గీతలు. సున్నం అయిపోయిందా సిస్టర్ అని మలయాళీ నర్సులు నవ్వారు. వార్డులో దుప్పటి ముడతకు చీవాట్లు తిన్నవాళ్లు కదా, వాళ్ల పండగ వాళ్లది. అయిపోయింది అన్నాను. మేట్రన్ తన వాళ్లను పంపించి వేయిస్తానంది. వద్దన్నాను. జనవరి వచ్చింది. నేను డ్యూటీకి బయలుదేరే ప్రతిసారీ వాడు గుమ్మంలో నిలబడేవాడు. ఏ షిఫ్టో, ఎన్ని గంటలకు వస్తానో చెప్పి వెళ్లేదాన్ని. అరగంట ఆలస్యమయ్యేలా ఉంటే ఆసుపత్రి నుంచి ఎవరితోనైనా కబురు పంపేదాన్ని. బిస్కెట్లు తెస్తానని మాత్రం మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు బీరువాలో వాడి చొక్కాలు కనిపించాయి.

మరుసటి క్రిస్మస్‌కూ సున్నం మాట ఎత్తలేదు. మా ఆయనకు అప్పటికి రోడ్డు కంపెనీలో స్టోరు పని దొరికింది. నేను మాత్రం రోజూ అన్నం తింటూ ఆ గోడనే చూసేదాన్ని. చేతులు దురదపెట్టేవి. కుంచె తీసుకుంటే ఒక పూట పని. తీసుకోలేదు.

ఆ తర్వాతి ఏడు, క్రిస్మస్ నెల రోజుల్లో ఉందనగా, ఎనిమిదిన్నరేళ్ల మా అబ్బాయి ఆడుకుని వచ్చి, మట్టి కాళ్లతోనే ముందుగదిలో చాప మీద పడి, గోడ వంక చూశాడు.

"అమ్మా, మావోళ్లంతా నవ్వుతున్నారే. ఈ గోడ సగంలో ఎవరొదిలేశారు?"

వాడు వేళాకోళం ఆడుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. వాడికి గుర్తులేదు. బకెట్ తన్నిందీ, నేను కొట్టిందీ, తెనాలి బిస్కెట్లూ ఏవీ గుర్తులేవు.

నేనే వదిలేశాను అన్నాను.

"నీకు బద్ధకమే" అన్నాడు వాడు, కాళ్లు చాపుకుంటూ.

అవును నాన్నా, బద్ధకమే అన్నాను.