అడుగున చిల్లు ఉన్న క్యాను

అనంతగిరి ఘాట్‌లో మా బస్సు ఆయాసపడి ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తగానే వేడి ఆవిరితో పాటు తియ్యని వాసన ఒకటి కిటికీ దాకా వచ్చింది. పక్క సీటావిడ "ఎక్కడో పాకం పడుతున్నట్టున్నారు" అంది. నాకు మాత్రం నా కుడి మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నట్టనిపించింది. ఆ పట్టు సత్యవతి మేడంది.

హుకుంపేటలో మా ఆడపిల్లల హాస్టల్ బడికి ఆవిడ సైన్సు టీచరు. మైదానం నుంచి వచ్చి ముంచింగిపుట్టులో కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం వాళ్లది. పాఠం చెప్పేటప్పుడు పుస్తకం భాష, గాభరా పడితే ఇంటి భాష. మా అయ్య జీపు డ్రైవరు కాబట్టి ఓసారి నన్ను ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కాస్త తెమ్మంది. మహా గొప్పగా చిన్న సీసాలో తీసుకెళ్లాను.

"ఈ పచ్చరంగు కలిపిందే. ఇందులో అసలు సరుకు గ్లైకాల్, దానికి రంగు లేదు. చిక్కగా జారుతుంది, నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. ఇది కలిపిన నీళ్లు తొందరగా మరగవు, తొందరగా గడ్డకట్టవు. అందుకే జీపు ఘాట్ ఎక్కగలుగుతోంది" అని చెప్పింది. తయారీ కూడా కథలాగే చెప్పింది. పెట్రోలియం నుంచి ఇథిలీన్ అనే గ్యాసు తీస్తారట. దాన్నీ ఆక్సిజన్‌నీ వేడి వెండి మీదుగా పంపితే రెండూ కలుస్తాయట. అలా వచ్చినదానికి నీళ్లు చేరిస్తే గ్లైకాల్. మా పాలిస్టర్ ఓణీల దారానికీ అదే ముడిసరుకట.

"మరి వెండి ఏమైపోతుంది మేడం?"

"ఏమీ కాదే. పెళ్లి కుదిర్చిన పెద్దమనిషిలాగా ఇద్దర్నీ కలిపి తన మానాన తాను ఉంటుంది."

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే నేను సీసా వంచి అరచేతిలో చుక్క వేసుకున్నాను. మా సంతలో తేనె కొనాలంటే అలా నాకి చూడాల్సిందే. నాకకుండా కొన్నవాడిని చూసి జాలిపడతాం. చెయ్యి నోటిదాకా వెళ్లేలోపే మేడం నా మణికట్టు పట్టేసింది.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు! తియ్యగానే ఉంటాది, కిడ్నీలు తినేత్తాది!"

కుళాయి దగ్గర తనే నా చెయ్యి రుద్ది రుద్ది కడిగింది. కడుగుతూనే, ఖాళీ అయిన క్యాన్లు మీ అయ్య ఏం చేస్తాడని అడిగింది. "ఊళ్లో వాళ్లకి ఇచ్చేత్తాడు మేడం. మా నాయనమ్మ జీలుగు చెట్టు కల్లు అందులోనే పోత్తాది" అన్నాను. మా ఊళ్లో అది మంచి కానుక. ఊట నుంచి నీళ్లు మోయడానికి అంతకంటే తేలికైనది ఏముంది? మేడం ముఖం పాలిపోయింది. పాఠం అక్కడితో ఆపేసి, సెంటర్లో ఉన్న మా అయ్య జీపెక్కి నాతో మా ఊరొచ్చింది.

నాయనమ్మ అరుగు మీద కూర్చుని క్యాను వంచుకుంటోంది. అయ్య పొద్దున సగం వాడి, ఖాళీ క్యాన్ల పక్కన పెట్టి వెళ్లిన క్యాను అది. "ఓ గుక్క తాగేను. భలే తీపి, ఏ సెట్టుదిరా?" అని అయ్యని అడిగింది. ఆసుపత్రికి వెళ్దామంటే నవ్వింది: "నాకేటీ అవలేదు!" మేడం ఆమెను లేపి జీపెక్కించి, తల ఒళ్లో పెట్టుకుంది. అయ్య జీపు వెనక్కి తిప్పాడు.

"మా అమ్మని నేనే సంపేసేనా మేడం?"

"బేగి నడుపు తమ్ముడూ. నీ జీపు ఉంది కాబట్టే ఆశుంది."

హుకుంపేట ఆసుపత్రి డాక్టరు సూది వేసి, వెంటనే కింద మైదానంలోని పెద్దాసుపత్రికి పంపాడు. ఏమీ కాలేదని ఇంట్లో ఉంచేసుంటే దక్కేది కాదన్నారు అక్కడ. నాయనమ్మ నీరసంగా, తిట్టుకుంటూ, బతికి తిరిగొచ్చింది.

ఆ తర్వాత సంతకెళ్లినప్పుడల్లా మేడం చేతిలో స్క్రూడ్రైవరు ఉండేది. కనిపించిన ప్రతి ఖాళీ కూలెంట్ క్యానుకీ అడుగున చిల్లు పొడిచేది. బంగారంలాంటి క్యాను పాడుచేసిందని ఎంతమంది తిట్టారో! చిల్లు ఉంటేనే మొక్క బతుకుతుందని చెప్పి, మట్టి నింపి, మిరియాల తీగ నాటి, వాళ్ల చేతికే ఇచ్చేది. నాయనమ్మ తీగ ఇంటి కప్పు దాకా పాకింది. మేడం పోయిందని తెలిసిన రోజు నాయనమ్మ దాన్నుంచి ఓ కొమ్మ తుంచి, ఏడుస్తూ ఇంకో చిల్లు క్యానులో నాటింది.

డ్రైవరు కూలెంట్ పోసి ఖాళీ క్యాను పక్కన పడేశాడు. సీతాఫలాలు అమ్ముకునే ఆవిడ పరుగున వచ్చి దాన్ని అందుకుంది. అడుగున మిగిలింది వేలికి అంటించుకుని నాకి చూడబోతోంది. నేను బస్సు ఎలా దిగానో తెలియదు.

"సెయ్యొదులమ్మా! ఏటైంది నీకు?" అని కసిరింది.

చెయ్యి వదలకుండానే అంతా చెప్పాను. నా సీసాలో నీళ్లన్నీ ఒంపి ఆమె వేళ్లు కడిగాను. బ్యాగులోంచి స్క్రూడ్రైవరు తీశాను. అప్పుడు చూసుకున్నాను, ఆమె మణికట్టు మీద నా వేళ్ల ముద్రలు ఎర్రగా పడ్డాయి. నా చేతికి అంత బలం లేదు. అది మేడం పట్టు.