రంగు పోయిన పుప్పొడి

మా తమ్ముడి కూతురు కరుణ సాధించిన మొదటి గెలుపు 2019లో. "పువ్వుల పొడి చూసి చమురు సంగతి చెప్తారా?" అని నవ్విన పదకొండుమంది జియాలజిస్టులు ఆమె దగ్గర పదిహేను రోజులు కూర్చున్నాక, రెండు కిలోమీటర్ల లోతు రాయి వయసును అందులోని పుప్పొడి చూసి తప్పు లేకుండా చెప్పారు. ఆ కోర్సు కోసం ఆమె మూడేళ్లలో తొమ్మిది అర్జీలు పెట్టింది. ఎనిమిది తిరిగొచ్చాయి.

ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో పదో తరగతి ఫస్టు. వృక్షశాస్త్రం ఎమ్మెస్సీలో బంగారు పతకం. ఆదిభట్ల దాటాక ఉన్న చమురు కంపెనీ శిక్షణ కేంద్రంలో ఉద్యోగం. ఇప్పటికి పదమూడు బ్యాచులు, నూట నలభై మంది. నేను ఏడో తరగతి దాటలేదు గానీ ఇవన్నీ నాకు నోటికి వచ్చు.

ఆమె పాఠం నాకే అర్థమయ్యేలా ఉంటుంది. కోట్ల ఏళ్ల కింద రాలిన పుప్పొడి బురదలో పూడి, రాయిలో మిగిలిపోతుంది. భూమి వేడికి రంగు మారుతుంది. లేత పసుపుగా ఉంటే రాయి ఇంకా పచ్చిగానే ఉంది, చమురు పుట్టలేదు. గోధుమ రంగయితే పుట్టేంత వేడి తగిలింది. నలుపయితే మాడింది. రొట్టె కాల్చిన వాళ్లెవరికైనా తెలిసే సంగతే.

ఆ చదువును ఈ ఏడు ఐదు రోజులకు కుదించాడు కొత్త అధికారి మహేశ్వర్. గోదావరి వైపు చమురు కోసం తవ్వుతున్న ఒక బావి రాళ్లలోని పుప్పొడి చూసి, ఆ కోర్సులోని ఆరుగురు ట్రైనీలు "లేత పసుపు" అని రాశారు. కరుణ సంతకం లేకుండానే, ఆ బావి ఆపేయమని ఆయన పైకి కాగితం పంపాడు. రాయిని యాసిడ్లలో కరిగించి, మిగిలిన పుప్పొడితో ట్రైనీలు చేసిన గాజు స్లైడ్లను రెండు రోజుల తర్వాత కరుణ చూసింది. అద్దంలా మెరుస్తున్నాయి. ఆమెకు ఒళ్లు మండింది. ట్రైనీ క్రాంతికుమార్‌ను పిలిచింది.

"ఆఖరి యాసిడ్‌ల ఎంతసేపు ఉంచినవ్ రా?"

"అర్ధగంట, మేడం."

"నేనేం చెప్పిన?"

"రెండు నిమిషాలకోసారి తీసి చూడమన్నరు. మురికి పోతలేదని జర ఎక్కువ ఉంచిన."

"మురికి పోయింది, రంగు గూడ పోయింది! బట్టలుతుకుతున్నవా, రాయి చదువుతున్నవా?"

పదిహేను రోజుల కోర్సులో ఆ ఒక్క యాసిడ్ పనికే రెండు రోజులు పెట్టేది. అదే చెప్పి, కాగితం వెనక్కి తీసుకొమ్మని మహేశ్వర్‌ను అడిగింది.

"కాగితం పోయింది మేడం. ఇప్పుడు తప్పంటే అసలు కోర్సే ఎందుకని అడుగుతరు," అన్నాడాయన.

"అడగనియ్యుండ్రి. తప్పు నా క్లాసుల జరిగింది, నేనే రాసిస్త."

"రాసిస్తే కోర్సు మూస్త."

"మూయుండ్రి సార్. ముందుగాల అసలు రాయి చూపియ్యుండ్రి."

ఆ సాయంత్రం మా ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని, ముద్ద కూడా ఎత్తలేదు.

"పెద్దబాపూ, సగం రాయి యాసిడ్ పొయ్యకుండ ఎత్తిపెట్టుండ్రని చెప్పలే నేను. గది నా తప్పే."

"తప్పు నీదా? పదిహేను రోజుల చదువును ఐదు రోజులల్ల మింగుమన్నోడిది గాదా!" అని అరిచాను. ఇప్పటికీ అరుస్తున్నాను. నూట నలభై మందికి చదువు చెప్పిన మనిషికి, కళ్లముందున్న తప్పును తప్పు అనడానికి ఎవరి అనుమతి కావాలి?

రాసి పైకి పంపుతానని కరుణ పట్టుబట్టడంతో చివరికి మహేశ్వర్‌తో ఒక ఒప్పందం కుదిరింది. బావి తవ్వినప్పుడు తీసిన రాతి కడ్డీలు రాజమండ్రి గోదాములో ఉన్నాయి. కరుణ ఆ ఆరుగురినీ వెంట తీసుకెళ్లి, అక్కడి ల్యాబులో, ఆఖరి యాసిడ్ ముట్టకుండా కొత్త స్లైడ్లు వాళ్ల చేతనే చేయించాలి. పుప్పొడి గోధుమ రంగులో ఉంటే మహేశ్వర్ కాగితం వెనక్కి, కోర్సు మళ్లీ పదిహేను రోజులు. పసుపే అయితే కోర్సు మూత.

నిన్న పొద్దున బయల్దేరారు. పని తొమ్మిది రోజులు పడుతుందట. కరుణ తిరిగి వచ్చేది 2025 డిసెంబరు 14, ఆదివారం.